ఏటవాలు

స్విట్జర్లాండ్‌లో వెంగెన్ అనే ఊరి పైన లౌబర్‌హార్న్ కొండ ఉంది. ఏటా జనవరిలో ఆ కొండ మీద డౌన్‌హిల్ పోటీ జరుగుతుంది. కాళ్లకు పొడవాటి స్కీలు బిగించుకుని, ఒకరి తర్వాత ఒకరుగా మంచు మీద కిందికి దూసుకు రావాలి. దారి పొడవునా పాతిన గేట్ల మధ్య నుంచే పోవాలి. ఎవరికి తక్కువ సమయం పడితే వారిదే గెలుపు. ఈ ఆటలో నియమాలు ఇంతకు మించి పెద్దగా లేవు. వేగం మాత్రం గంటకు నూట ఇరవై, నూట ముప్ఫై కిలోమీటర్లు దాటుతుంది. లౌబర్‌హార్న్ దారి దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. వరల్డ్ కప్ పోటీల్లో అంత పొడవైన డౌన్‌హిల్ ఇంకొకటి లేదు. రెండున్నర నిమిషాలు మోకాళ్లు మడిచి, నడుం వంచి దిగేసరికి తొడలు నిప్పులవుతాయి. కిందికి వచ్చేకొద్దీ కాళ్లు మాట వినవు.

1984 జనవరిలో ఆ దారి దిగువన ఇరవై మూడేళ్ల అమెరికన్ కుర్రాడొకడు పట్టు తప్పాడు. ఒళ్లు వెనక్కి వాలిపోయింది, చేతులు గాలిలోకి లేచాయి. ఆ వేగంలో అలా తూలినవాడు మామూలుగా పక్కన కట్టిన వలలోనే తేలతాడు. ఇతను ఎలాగో మళ్లీ కాళ్ల మీదికి వచ్చాడు, ముడుచుకుని కూర్చున్నాడు, గీత దాటాడు. చూస్తే అందరికన్నా తక్కువ సమయం అతనిదే. వరల్డ్ కప్ డౌన్‌హిల్ గెలిచిన తొలి అమెరికన్ మగవాడు బిల్ జాన్సన్. ఆ తూలుడును తలచుకోకుండా అతని కథ నేను చెప్పలేను. పదిహేడేళ్ల తర్వాత అలాంటిదే ఇంకొకటి ఇంకో కొండ మీద అతని కోసం కాచుకుని ఉంది.

ఆస్ట్రియా వాళ్లు ఆ గెలుపును గెలుపుగా లెక్కెయ్యలేదు. గాలివాటంగా వచ్చిందన్నారు. ముక్కు గెలుక్కునే పోకిరీ అని ఎద్దేవా చేశారు. వాళ్ల దేశంలో డౌన్‌హిల్ వీరులంటే ఇంటింటి దేవుళ్లు. 1976లో ఇన్స్‌బ్రుక్‌లో స్వర్ణం గెలిచిన ఫ్రాంజ్ క్లామర్ ఇంకా బరిలోనే ఉన్నాడు. ఎవరూ ఎరగని ఈ అమెరికన్ వచ్చి తమ ఆటలో చెయ్యి పెట్టడం వాళ్లకు మింగుడుపడలేదు. అతను ఊరుకునే రకమూ కాదు. ఒలింపిక్స్‌కు సరజేవో వెళ్లి, స్వర్ణం నాదే, మిగతావాళ్లు రెండో స్థానం కోసం కొట్టుకోవచ్చు అని పత్రికల వాళ్ల ముందే చెప్పాడు.

అతను ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే ఆ నోటి దురుసు కొంత అర్థమవుతుంది. 1960 మార్చి 30న లాస్ ఏంజెలిస్‌లో పుట్టాడు. ఐడహో రాష్ట్రం బోయిసీ దగ్గర బోగస్ బేసిన్ అనే చోట చిన్నతనంలో స్కీయింగ్ నేర్చాడు. తర్వాత కుటుంబం ఒరెగాన్‌లో మౌంట్ హుడ్ పర్వతం కింద బ్రైట్‌వుడ్ అనే చిన్న ఊరికి మారింది. ఆల్ప్స్ కొండల్లో పుట్టిన పిల్లలకు ఊరంతా అండగా ఉంటుంది. ఇతనికి అలాంటిదేమీ లేదు. గొడవలు, అల్లరి, చిల్లర దొంగతనాలు. పదిహేడేళ్ల వయసులో కారు దొంగతనం చేసి దొరికిపోయాడు. ఈ కుర్రాడు స్కీయింగ్ బాగా చేస్తాడని ఎవరో చెబితే విని, న్యాయమూర్తి జైలుకు పంపకుండా వాషింగ్టన్ రాష్ట్రంలోని మిషన్ రిడ్జ్ స్కీ శిక్షణాలయానికి వెళ్లమన్నాడు. ఆ న్యాయమూర్తి పెద్ద మనసున్నవాడు. కానీ ఆ తీర్పు పిల్లవాడి మనసులో ఒక లెక్కను రాసేసిందని నాకనిపిస్తుంది. ఎంత తప్పు చేసినా, ఎంత చిక్కులో పడ్డా, కొండ దిగి గెలిస్తే చాలు, అన్నీ మాఫీ అవుతాయి. జీవితాంతం అతను ఆ లెక్కనే నమ్మాడు. ఒక్కసారి, పెద్ద ఎత్తున, అది నిజమైంది కూడా.

అమెరికా జట్టులోకి వచ్చాక ఒళ్లు వంచి కసరత్తు చెయ్యడం లేదని ఒకసారి తీసేశారు. కోచ్‌లతో ఎప్పుడూ పేచీయే. అయినా జట్టు అతన్ని పూర్తిగా వదులుకోలేకపోయింది. కారణం ఒక్కటే. గాలి సొరంగంలో పెట్టి పరీక్షిస్తే అతను ముడుచుకు కూర్చునే తీరును గాలి చాలా తక్కువగా అడ్డుకునేది. స్కీయింగ్‌లో మలుపు తిరిగేవాళ్లు వేరు, జారేవాళ్లు వేరు. నిటారు మంచుగడ్డ మీద స్కీ అంచును దింపి, దేహాన్ని పక్కకు వంచి, మలుపును కోసుకుంటూ పోవడం ఒక విద్య. ఆస్ట్రియన్లు, స్విస్‌లు అందులో ఆరితేరినవాళ్లు. చదునుగా ఉన్న చోట స్కీని అంచు మీదికి రానివ్వకుండా, మంచును ఒత్తకుండా, ఉన్న వేగాన్ని పోగొట్టుకోకుండా సాగిపోవడం ఇంకొక విద్య. జాన్సన్‌ది ఆ రెండోది. చెరువు మీద పిల్లలు విసిరిన చిల్లపెంకు నీటిని తాకీ తాకనట్టు పోతుంది చూడండి, అతను మంచు మీద అలా పోయేవాడు. అరికాళ్లలో ఉండే ఆ నైపుణ్యాన్ని కోచ్‌లు నేర్పలేరు. పుట్టుకతో రావాల్సిందే.

సరజేవో డౌన్‌హిల్‌కు ఎంచుకున్న బ్యెలాష్నిత్సా కొండలో ఇలాంటి చదునైన భాగాలే ఎక్కువ. పురుషుల ఒలింపిక్ డౌన్‌హిల్‌కు పై గీతకూ కింది గీతకూ మధ్య కనీసం 800 మీటర్ల ఎత్తు ఉండాలి. ఆ కొండకు కొద్ది మీటర్లు తక్కువ పడ్డాయి. కొండ కొసన భవనం కట్టి, దాని లోపలి నుంచి ఆటగాళ్లను వదిలారు. అంటే పెద్ద పెద్ద కొండల మీద పెరిగినవాళ్లకు అది చిన్న కొండ. జాన్సన్‌కు మాత్రం కొలతలు తీసి కట్టినట్టున్న కొండ. తనదే స్వర్ణం అన్నప్పుడు అది ఒట్టి ప్రగల్భం కాదు. ఆ మంచును అతని అరికాళ్లు అప్పటికే చదివేశాయి.

పోటీ అనుకున్న రోజున జరగలేదు. మంచు తుఫాను, గాలి. మళ్లీ మళ్లీ వాయిదా పడి, వారం ఆలస్యంగా ఫిబ్రవరి 16న జరిగింది. ఎదురుచూపుల్లో మిగతావాళ్ల నరాలు సడలుతుంటే జాన్సన్ ప్రతిరోజూ అదే మాట చెబుతూ వచ్చాడు. పై భాగంలో మలుపులున్న చోట వెనకబడ్డా పరవాలేదు. దిగువన చదునులో అతను ఒక్కసారి ముడుచుకున్నాడంటే ఇక గడియారం అతని పక్షమే. 1 నిమిషం 45.59 సెకన్లు. స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ మ్యూలర్ 0.27 సెకన్ల తేడాతో రెండోవాడయ్యాడు. ఆస్ట్రియాకు చెందిన ఆంటన్ స్టైనర్ మూడు. ఆ దారిలో సగటు వేగాన్ని బట్టి లెక్కేస్తే మొదటివాడికీ రెండోవాడికీ మధ్య ఏడెనిమిది మీటర్లు. ఆల్పైన్ స్కీయింగ్‌లో అమెరికా ఆడవాళ్లు అప్పటికే ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. మగవాళ్లలో అంతవరకూ ఒక్కరూ లేరు. కార్ల దొంగ మొదటివాడయ్యాడు.

ఈ స్వర్ణం నీకేం తెచ్చిపెడుతుందని అడిగితే మిలియన్లు, మిలియన్ల డాలర్లు అన్నాడు. ఆ మాటను పత్రికలు ఎన్నేళ్లు మోశాయో! గెలిచిన పూట దాన్ని అమాయకుడి దూకుడుగా రాశాయి. ఓడిపోయాక అదే మాటను తీసి పొగరుకు సాక్ష్యంగా చూపించాయి. నిజానికి ఇరవై మూడేళ్లు, జైలు తప్పించుకొచ్చిన కుర్రాడు, డబ్బుకు ఆశపడ్డాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? అందరూ కడుపులో దాచుకునే మాటను అతను బయటికి అన్నాడు, అంతే.

ఆ సీజన్ చివర్లో కొలరాడోలో ఆస్పెన్, కెనడాలో విస్లర్, రెండు డౌన్‌హిల్స్ కూడా అతనే గెలిచాడు. అంటే గాలివాటం కాదు. 1985లో అతని జీవితం మీద టీవీ సినిమా తీశారు. ఆంథొనీ ఎడ్వర్డ్స్ అతని పాత్ర వేశాడు. అప్పటికి జాన్సన్‌కు నిండా పాతికేళ్లు. జీవిత చరిత్ర తెర మీదికి వచ్చేసింది. ఆ తర్వాత బతకాల్సిన మూడు దశాబ్దాలకు కథ ఎవరూ రాసి పెట్టలేదు.

ఆ తర్వాత ఒక్క వరల్డ్ కప్ కూడా గెలవలేదు. అతనికున్నది జారే విద్య ఒక్కటే. ప్రతి ఏడాదీ ప్రతి కొండా బ్యెలాష్నిత్సా అవదు కదా. మలుపులు నేర్చుకోవాలంటే వేసవంతా చెమటోడ్చాలి, చెప్పినమాట వినాలి. ఆ రెండూ అతనికి చేతకాలేదు. అనుకున్న మిలియన్లూ రాలేదు. కంపెనీలకు నవ్వుతూ చేతులు కట్టుకునే విజేత కావాలి, ఇతనేమో వేదిక మీదా పేచీకోరే. 1986 డిసెంబరులో ఇటలీలోని వాల్ గార్డేనాలో పడి మోకాలు చెడగొట్టుకున్నాడు. 1988లో క్యాల్గరీ ఒలింపిక్స్‌కు జట్టును ప్రకటించినప్పుడు అతని పేరు లేదు. నాలుగేళ్ల కిందట ఆల్పైన్ స్కీయింగ్ మగవాళ్లలో దేశానికి తొలి స్వర్ణం తెచ్చినవాడిని ఇంటి దగ్గరే కూర్చోబెట్టారు. ఆ తర్వాత పోటీల నుంచి తప్పుకున్నాడు.

పెళ్లయింది. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ అనే చోట వచ్చిన అతిథులతో కలిసి స్కీయింగ్ చెయ్యడం, పాత విజేతగా చెయ్యి కలపడం కొన్నాళ్లు ఉద్యోగం. 1990ల మొదట్లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. ఏడాది దాటిన పెద్ద కొడుకు వేడినీళ్ల తొట్టిలో మునిగి చనిపోయాడు. దీని గురించి నేనిక్కడ ఎక్కువ రాయలేను. పుత్రశోకం నిరంతరం అన్నారు పెద్దలు, అంతకన్నా చెప్పేదేముంది. ఆ తర్వాత మరో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. అయినా కాపురం నిలవలేదు. 1990ల చివరికి భార్యాభర్తలు విడిపోయారు. పిల్లలు తల్లి దగ్గర. జాన్సన్ మోటారు ఇంటిలో, చక్రాల మీది గదిలో, ఊరూరా తిరుగుతూ బతికాడు.

నలభయ్యో ఏట అతనికి ఒక ఆలోచన వచ్చింది. 2002లో ఒలింపిక్స్ సొంత దేశంలోనే, సాల్ట్ లేక్ సిటీలో. అక్కడ దిగాలి. దిగితే భార్య తిరిగొస్తుంది, సంసారం నిలబడుతుంది. ఈ మాట అతను దాచుకోలేదు కూడా. నవ్వినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా ఆ పదిహేడేళ్ల పిల్లవాడే కనిపిస్తాడు. చిక్కులో పడితే కొండ దిగు, గెలిస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక న్యాయస్థానం అతనికి నేర్పింది. అతనికి తెలిసిన ఒకే ఒక్క ప్రాయశ్చిత్తం అది. కుడి చేతి మీద చచ్చేదాకా స్కీయింగే అన్న అర్థం వచ్చేలా పచ్చబొట్టు పొడిపించుకున్నాడు.

ఈలోగా ఆట మారిపోయింది. అతను గెలిచిన రోజుల్లో స్కీలు తిన్నగా, పలకల్లా ఉండేవి. 1990లలో నడుము సన్నగా, కొసలు వెడల్పుగా ఉండే స్కీలు వచ్చాయి. అంచు కాస్త దింపితే చాలు, వాటంతట అవే మలుపులోకి దూసుకుపోతాయి. మంచుకు నీళ్లు పట్టించి గాజులా గట్టిపరచడమూ పెరిగింది. ఏమాత్రం అనుకోకుండా అంచు తగిలినా స్కీ తిరగబడుతుంది. అంచును తాకనివ్వకుండా జారడమే తన విద్యగా బతికినవాడికి, తాకిందే తడవుగా కరిచే స్కీలు చేతికొచ్చాయి. చిన్న చిన్న పోటీల్లో తన వయసులో సగం లేని పిల్లల కన్నా సెకన్ల కొద్దీ వెనకబడ్డాడు. డౌన్‌హిల్‌లో సెకనంటే చాలా పెద్ద మాట. అతను స్వర్ణం గెలిచిందే సెకనులో పావు వంతు తేడాతో. అయినా వదల్లేదు.

2001 మార్చి 22. మోంటానా రాష్ట్రం, వైట్‌ఫిష్ ఊరి దగ్గర బిగ్ మౌంటెన్. అమెరికా జాతీయ పోటీలకు ముందు సాధనగా దిగే పరుగు అది. నలభై ఒకటో పుట్టినరోజు ఎనిమిది రోజుల్లో ఉంది. కార్క్‌స్క్రూ అని పిలిచే మెలిక దగ్గర స్కీ లోపలి అంచు మంచును పట్టుకుంది. కాళ్లు రెండూ చెరో వైపు చీలిపోయాయి. వెంగెన్‌లో అలాంటి క్షణంలో ఇరవై మూడేళ్ల ఒళ్లు తనను తాను కూడదీసుకుంది. ఇప్పుడా ఒళ్లు లేదు. ముఖం ముందుగా పడి, రెండు రక్షణ వలలను చీల్చుకుంటూ పోయాడు. నాలుక దాదాపు తెగిపోయింది, నోరంతా రక్తం, ఊపిరి ఆడడం లేదు. కొండ మీది సహాయక సిబ్బంది అక్కడికక్కడే ఊపిరి నిలబెట్టి, హెలికాప్టర్‌లో క్యాలిస్పెల్ ఆస్పత్రికి చేర్చారు. మెదడులో రక్తస్రావం. ఆపరేషన్ చేశారు. మూడు వారాలు తెలివి లేదు.

తెలివి వచ్చాక నడక లేదు, మాట లేదు, మింగడం లేదు. అన్నీ పసిపిల్లవాడిలా మళ్లీ నేర్చుకోవాలి. పక్కన తల్లి ఉంది. నలభై ఏళ్ల కొడుకుకు రెండోసారి అడుగులు నేర్పింది. జ్ఞాపకం పూర్తిగా పోలేదు, మధ్యలో తెగిపోయింది. సరజేవో గుర్తుంది, గెలుపు గుర్తుంది. ఆ తర్వాతి సుమారు పదేళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అతని లెక్కలో తను ఇంకా సంసారి. పెద్ద కొడుకు లేడన్న సంగతీ తెలియదు, విడాకుల సంగతీ తెలియదు. రెండూ ఎవరో ఒకరు చెప్పాల్సి వచ్చింది. కాలం ఎంతో కొంత మాన్పిన గాయాన్ని, మాన్పిన ఆ కాలాన్నే లాగేసి, మళ్లీ పచ్చిగా చేతిలో పెట్టినట్టయింది. విధి క్రూరమని ఊరికే అంటుంటాం. ఇంత పనిగట్టుకుని చేసిన క్రౌర్యం నేను వేరే చోట చదవలేదు.

ఆ ఏడాది ఈ ఆటకే చెడ్డ ఏడు. అక్టోబరులో ఫ్రాన్స్ విజేత రెజీన్ కావన్యూ సాధన చేస్తూ కొండ మీద ఒక కోచ్‌ను ఢీకొని ప్రాణం పోగొట్టుకుంది. డిసెంబరులో ఫ్రాన్స్‌లోని వాల్ దిజేర్‌లో స్విస్ కుర్రాడు సిల్వానో బెల్‌ట్రామెట్టీ వలలను చీల్చుకుని పోయి, వెన్ను విరిగి, ఇక కాళ్ల మీద నిలబడలేకపోయాడు. వాళ్లిద్దరూ వృత్తి శిఖరాన ఉన్నవాళ్లు, కసరత్తులో లోటు లేనివాళ్లు. పోటీలో పడడానికి వయసో పొగరో అక్కర్లేదు.

ఏడాది తిరక్కముందే జాన్సన్ మౌంట్ హుడ్ మీద మళ్లీ స్కీలు కట్టాడు. కుడిపక్క సరిగ్గా పని చెయ్యకపోయినా మంచు మీద నిలబడి నెమ్మదిగా దిగాడు. మాట తడబడేది, మాటలో జోరు మాత్రం తగ్గలేదట. అలా కొన్నేళ్లు గడిచాయి. 2010లో పక్షవాతం వచ్చింది. ఇక చక్రాల కుర్చీ, పోర్ట్‌లాండ్ దగ్గర గ్రెషమ్ ఊళ్లో సంరక్షణ గృహం, పక్కవాళ్ల చేతుల మీద అన్నం. అతను ఒకప్పుడు గెలిచిన కొండదీ అలాంటి కథే. 1992లో సరజేవో చుట్టూ యుద్ధం మొదలయ్యాక బ్యెలాష్నిత్సా యుద్ధరంగమైంది. ఒలింపిక్ కట్టడాలు కూలాయి, తగలబడ్డాయి. జనం ఆడిన వాలుల్లో మందుపాతరలు మిగిలాయి. యుద్ధం ముగిశాక ఆ కొండను మెల్లగా శుభ్రం చేసి మళ్లీ స్కీయింగ్‌కు తెరిచారు.

2016 జనవరి 21న గ్రెషమ్‌లో బిల్ జాన్సన్ కన్నుమూశాడు. యాభై ఐదేళ్లు.

సంతాప వార్తలన్నీ చివరికి ఒకే మాట దగ్గర తేలాయి. నలభై ఏళ్ల వయసులో ఆ పిచ్చి పని చెయ్యకుండా ఉంటే బతుకు ఇలా అయ్యేది కాదని. ఆ మాట నాకు నచ్చదు. అతను పోయిన రెండు రోజులకు, జనవరి 23న, ఆస్ట్రియాలోని కిట్స్‌బ్యూల్ డౌన్‌హిల్‌లో నార్వే ఆటగాడు ఆక్సెల్ లుండ్ స్విండాల్ ఘోరంగా పడ్డాడు. మోకాలు చెడి సీజన్ అంతటితో ముగిసింది. అప్పటికే ముప్ఫై మూడేళ్లు. 2007లోనూ ఒకసారి చావు తప్పించుకుని లేచినవాడే. మళ్లీ ఆపరేషన్లు, మళ్లీ సాధన, మళ్లీ కొండ. 2018లో కొరియా ఒలింపిక్స్‌లో ముప్ఫై ఐదేళ్ల వయసులో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచాడు. ఆ పట్టుదలను ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. అతని వెనక ఒక దేశపు జట్టు, వైద్యులు, కోచ్‌లు ఉన్నారు. ఒరెగాన్ నుంచి వచ్చినవాడి వెనక ఒక మోటారు ఇల్లు, ఒక తల్లి ఉన్నారు. కోరిక ఇద్దరిదీ ఒక్కటే.